బురద నీటిలో వేట ఎవరికి అనుకూలం?

సూరత్ దాటాక డుమస్ సమీపంలో తాపీ నది అరేబియా సముద్రంలో కలుస్తుంది. అక్కడి నీరు నీలంగా ఉండదు, మట్టి రంగులో ఉంటుంది. ఖంభాత్ సింధుశాఖలో కొన్నిచోట్ల ఆటుకూ పోటుకూ మధ్య తేడా 10 మీటర్లు దాటుతుంది. రోజుకు రెండుసార్లు వచ్చే ఆ పోటు అడుగున ఉన్న ఒండ్రును కలియబెడుతుంది. దాంతో వెలుతురు లోతుకు దిగదు.

ఈ నీటి ఆహార గొలుసులో ఒక కీలకమైన లంకె జంతు ప్లవకాలు. వాటిలో ముఖ్యమైనవి కోపిపాడ్‌లు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఉండే ఈ జీవులు వృక్ష ప్లవకాలను తింటాయి. చేప పిల్లలు వీటిని తిని పెరుగుతాయి. మన రొయ్యపొట్టును పోలిన సన్న రొయ్యలు, అంటే ఇక్కడివారి జవలా, గుజరాత్ తీరంలో పేరున్న బాంబే డక్ చేపకు ప్రధాన ఆహారం.

జెల్లీఫిష్ తినేదీ ఈ ప్లవకాలనే. అయితే చాలా చేపలు ఆహారాన్ని కంటితో చూసి పట్టుకుంటాయి. జెల్లీఫిష్‌కు చూపుతో పనిలేదు. టెంటకిల్స్‌కు తగిలిన జీవిని దంశకణాలతో కుట్టి నోటికి చేర్చుకుంటుంది. చేపల గుడ్లనూ, డింభకాలనూ తింటుంది. అంటే చేపకు అది పోటీదారే కాదు, శత్రువు కూడా. నార్వేలోని లూరెఫ్యోర్డ్‌లో నీటిలోకి వెలుతురు తక్కువగా దిగుతుంది. అక్కడ చేపల కంటే పెరిఫిల్లా అనే జెల్లీఫిష్‌దే పైచేయి కావడానికి అదొక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

సమతుల్యత చెడితే ఏమవుతుందో నల్ల సముద్రం చూపింది. 1980లలో ఓడల బ్యాలస్ట్ నీటితో వచ్చిన నెమియాప్సిస్ అనే దువ్వెన జెల్లీ జంతు ప్లవకాలను ఊడ్చేసింది. అప్పటికే మితిమీరిన వేటతో తగ్గిన ఆంకోవీ చేపలు మరింత దెబ్బతిన్నాయి. 1997లో దాన్నే తినే బెరోయి అనే మరో జెల్లీ వచ్చాక పరిస్థితి కొంత మెరుగుపడింది.

తీరంలో మానవ కార్యకలాపాలూ జెల్లీఫిష్‌కు కలిసిరావచ్చు. చాలా జాతుల జీవితంలో పాలిప్ దశ ఉంటుంది. అది గట్టి ఉపరితలాలకు అంటుకుని పెరుగుతుంది. జెట్టీలు, రేవు గోడలు అందుకు చోటిస్తాయి. మురుగు చేరి ఆక్సిజన్ తగ్గిన నీటిని చేపల కంటే చాలా జెల్లీఫిష్‌లు బాగా తట్టుకుంటాయి.

అలాగని ప్రతి గుంపూ ప్రమాద సంకేతం కాదు. ప్రపంచవ్యాప్త రికార్డులను పరిశీలించి 2013లో వెలువడిన అధ్యయనం, జెల్లీఫిష్ సంఖ్య దాదాపు 20 ఏళ్ల చక్రంలో పెరిగి తగ్గుతుందని చూపింది. అందుకే ఒక్క సీజన్ చూసి తేల్చలేం. జెల్లీఫిష్, జంతు ప్లవకాలు, చేపల దిగుబడి, ఈ మూడింటినీ ఏళ్ల తరబడి కలిపి లెక్కిస్తేనే, వలలో చేప తగ్గినప్పుడు కారణం వేటదా, కాలుష్యానిదా, జెల్లీఫిష్‌దా అని విడదీయడం సాధ్యమవుతుంది.