గురి చూసి వేసే మందు



ఇవాళ వంటల గురించీ, అల్లికల గురించీ కాదు, అన్నవాహిక కేన్సరు గురించి చెబుతాను. పేరు వినగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఈ జబ్బును మొట్టమొదట కనిపెట్టగలిగేది అన్నం వడ్డించే మనమే.

మా పెద్దొదిన ముద్ద మింగినప్పుడల్లా గుక్కెడు నీళ్ళు తాగి దింపుకునేది. తర్వాత అన్నం మజ్జిగలో పిసికి, జారుగా చేసుకుని తాగడం మొదలెట్టింది. “గ్యాసులే వదినా” అని వాము నమలమన్నాను. పళ్ళు కదిలాయేమో అని అన్నయ్య అన్నాడు. అలా మూడు నెలలు గడిచాయి. జాకెట్లు వదులైపోతే అప్పుడు కళ్ళు తెరిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు. కేన్సరే అని తేలింది.

అన్నవాహిక అంటే గొంతు నించి కడుపు దాకా వుండే గొట్టం. పొడుగు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే జానెడు పైచిలుకు. దీనికి వచ్చే కేన్సర్లలో ముఖ్యమైనవి రెండు రకాలు. గొట్టం లోపలి పొరలో పుట్టేది స్క్వామస్ రకం. పొగాకు, సారాయి, కిళ్ళీ అలవాట్లు దీనికి దారి తీస్తాయి. మన దేశంలో ఇదే ఎక్కువ. రెండోది అడినో కార్సినోమా. ఇది సాధారణంగా గొట్టం అడుగున, కడుపు మొదలయ్యే చోట వస్తుంది. ఏళ్ళ తరబడి పులితేన్పులూ గుండెల్లో మంటా వున్నవాళ్ళకీ, ఒళ్ళు బాగా వున్నవాళ్ళకీ దీని భయం ఎక్కువ. మా వదినకి వచ్చింది ఈ రెండోదే.

ఇంతలో పక్కింటావిడ ఒక కబురు మోసుకొచ్చింది. కొత్త ఇంజక్షను వచ్చిందట, కేన్సరునొక్కదాన్నే కొడుతుందట, జుట్టు కూడా వూడదట! మా మేనల్లుడు “అత్తయ్యా, స్థలం అమ్మేస్తాను” అన్నాడు. వదిన మాట్లాడకుండా చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరుగారు మాత్రం, “తాళం చూడకుండా తాళంచెవి కొంటారా? ముందు ముక్క మీద ఇంకో పరీక్ష కానివ్వండి” అన్నారు.

ఆ మాటకి అర్థం ఏమిటో నేను తెలుసుకున్నంత వరకూ మీకు చెబుతాను.

మామూలు కీమోథెరపీ మందులు త్వరత్వరగా పెరిగే కణాలన్నిటినీ కొడతాయి. కేన్సరు కణాలు అలాంటివే. కానీ జుట్టు కుదుళ్ళూ, నోటి లోపలి పొరా, రక్తం తయారయ్యే మూలుగా కూడా త్వరగా పెరిగేవే కదా! అందుకే జుట్టు వూడడం, నోరు పూయడం, నీరసం. గురి చూసి వేసే మందు అలా కాదు. కేన్సరు కణం మీద వున్న ఒక ప్రత్యేకమైన గుర్తును పట్టుకుని అక్కడే పనిచేస్తుంది.

ఆ గుర్తుల్లో ఒకదాని పేరు హెర్-2. దీన్ని వాకిట్లో వుండే కాలింగ్ బెల్ అనుకోండి. మామూలు కణానికి ఇలాంటి బెల్లులు కొద్దిగానే వుంటాయి. కొన్ని కేన్సరు కణాలకి లెక్కకి మించి వుండి, “పెరుగు, పెరుగు” అని అదేపనిగా మోగుతుంటాయి. ట్రాస్టుజుమాబ్ అనే మందు ఆ బెల్లుకి అతుక్కుని మోగనివ్వదు. పైగా మన ఒంట్లోని రక్షక కణాలకి ఆ ఇంటిని చూపిస్తుంది. అసలు బెల్లులే లేని ఇంటి దగ్గర ఈ మందుకి పనేముంది?

ఈ మందును 1998లో అమెరికాలో రొమ్ము కేన్సరుకి అనుమతించారు. తర్వాత కడుపులోనూ, అన్నవాహిక కడుపుతో కలిసే చోటా వచ్చే కేన్సర్ల మీద 24 దేశాల్లో పరీక్షించారు. పరీక్ష చేసిన గడ్డల్లో నూటికి సుమారు 22 మాత్రమే హెర్-2 వున్నవి. ఆ రోగుల్లో కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళ సగటు ఆయుర్దాయం 11.1 నెలలైతే, ఈ మందు కూడా కలిపి తీసుకున్నవాళ్ళకి 13.8 నెలలు. ఈ ఫలితాలు 2010లో వచ్చాయి. చూశారా, ఇది జబ్బును మాయం చేసే మంత్రం కాదు, కొంత కాలాన్ని కలిపే సాయం. మొదట్లో కీమోతో కలిపే ఇస్తారు కాబట్టి జుట్టు వూడదన్న మాటా నిజం కాదు. సాధారణంగా మూడు వారాలకొకసారి సెలైనులో కలిపి ఎక్కిస్తారు. గుండె బలహీనపడే ప్రమాదం వుంది గనక ముందూ, మధ్య మధ్యా గుండెకి ఎకో పరీక్ష తప్పదు.

ఇలాంటివే ఇంకొన్ని వున్నాయి. గడ్డకి రక్తనాళాలు పెరక్కుండా ఆపే రాముసిరుమాబ్‌ను 2014లో అమెరికాలో అనుమతించారు. దీనితో రక్తపోటు పెరగవచ్చు, రక్తస్రావం కావచ్చు. క్లాడిన్ అనే ఇంకో గుర్తును పట్టే జోల్బెటుక్సిమాబ్ 2024లో జపాన్లో, ఆ తర్వాత అమెరికాలో అనుమతి పొందింది. ఇవి కూడా ముఖ్యంగా కడుపుతో కలిసే చోట వచ్చే రకానికే. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అనేవి వేరే కోవకి చెందినవి. కేన్సరు కణం మారువేషం వేసుకుని మన రక్షక కణాల కళ్ళు కప్పుతుంది. ఈ మందులు ఆ వేషాన్ని తీసేస్తాయి. స్క్వామస్ రకానికి కూడా ఇవి పనికొస్తున్నాయి.

గురి పెట్టిన మందులన్నీ తగలవు. గెఫిటినిబ్ అనే మాత్రను అన్నవాహిక కేన్సరు మీద బ్రిటన్లో పరీక్షిస్తే మొత్తం మీద ఆయుర్దాయం పెరగలేదని 2014లో తేలింది. అందరికీ ఒకే మందు ఇస్తే అంతే మరి!

రిపోర్టు చూడడం మనమూ నేర్చుకోవచ్చు. హెర్-2 దగ్గర సున్నా, ఒకటి వుంటే ఆ గుర్తు లేనట్టు. మూడుంటే వున్నట్టు. రెండుంటే ‘ఫిష్’ అని ఇంకో పరీక్ష చేసి తేల్చాలి.

మా వదిన రిపోర్టులో ఒకటి అని వచ్చింది. మందు పనికిరాదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. కానీ స్థలం మిగిలింది, గాజులు తిరిగి చేతికెక్కాయి. మామూలు కీమో ఇచ్చారు. ముద్ద దిగడానికి గొట్టంలో స్టెంటు వేశారు. పధ్నాలుగు నెలలు మాతో వుంది. మనవరాలి వోణీల పండక్కి పీట మీద కూర్చుని, పాయసం చెంచాతో తాగింది. ఆ ముందు మూడు నెలలు నేను వాము పెట్టకుండా వుంటే ఏమయ్యేదో అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా మొదట గట్టి పదార్థం, తర్వాత మెత్తనిదీ దిగడం కష్టమౌతుంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, రెండు వారాలకి మించి ఆగకండి. ఏళ్ళ తరబడి గుండెమంటకి మాత్రలు మింగుతున్నవాళ్ళు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. కాఫీ, టీలు పొయ్యి మీంచి దింపి దింపగానే తాగకండి. 65 డిగ్రీలకి మించిన వేడి పానీయాలు ఈ కేన్సరుకి దారి తీయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సరు పరిశోధనా విభాగం 2016లో చెప్పింది.

ఒకవేళ జబ్బు వచ్చిందే అనుకోండి, నగలు అమ్మేముందు డాక్టరుగారిని నాలుగు మాటలు అడగండి. ఇది ఏ రకం? ఏ గుర్తులకి పరీక్ష చేశారు? ఈ మందువల్ల ఎంత కాలం కలిసొస్తుంది? మన దేశంలో తయారైన తక్కువ ధర రకం వుందా? ట్రాస్టుజుమాబ్‌కి అలాంటివి 2014 నించీ మన దేశంలో దొరుకుతున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు వుంటే ఏ మందు దాని కిందికి వస్తుందో ముందే కనుక్కోండి.

అడగడానికి మొహమాటపడకండి. నేను మొహమాటపడ్డాను కాబట్టే చెబుతున్నాను. సెలవు.