కారవాన్ ఎక్కే ముందు టీవీ సైజు కాదు, గాలి మీటర్ చూడండి!

బస్టాండ్‌లో బస్సు పక్కన నిలబడితే ఒక్కోసారి "ఫుస్స్" మని సౌండ్ వస్తుంది కదా. ఆ గాలి ఎక్కడిది, ఎందుకు బయటికి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

మాది తెనాలి. మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్లాన్ ఇదీ: కారవాన్ అద్దెకు తీసుకుని, బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్‌కి వెళ్లి, రాత్రి అందులోనే పడుకుని, వచ్చేటప్పుడు రేపల్లె వైపు తిరిగి రావడం. అందరూ బెడ్లు, టీవీ, వైఫై గురించే అడుగుతున్నారు. బస్సు చాసీ మీద కట్టిన పెద్ద కారవాన్‌లో అంతకంటే ముఖ్యమైనది గాలి సిస్టమ్.

గాలి స్ప్రింగ్ ఎలా పనిచేస్తుంది?

మామూలు బస్సుల్లో బరువు మోసేవి కమాన్ పట్టీలు. ఎయిర్ సస్పెన్షన్‌లో వాటి బదులు రబ్బరు బెలోస్ ఉంటాయి. వాటిని ఎంత నొక్కితే లోపల ప్రెజర్ అంత పెరుగుతుంది. అంటే చిన్న గుంతకు మెత్తగా, పెద్ద గుంతకు గట్టిగా స్పందిస్తాయి. 2001లో మన దేశానికి వచ్చిన వోల్వో బీ7ఆర్ బస్సుల కుదుపులేని ప్రయాణం వెనక ఉన్నది ఇదే.

బాడీకీ యాక్సిల్‌కీ మధ్య ఒక లెవెలింగ్ వాల్వ్ ఉంటుంది. వాటర్ ట్యాంక్ నింపితే బాడీ కిందికి దిగుతుంది. వెంటనే వాల్వ్ బెలోస్‌లోకి గాలి వదిలి, పాత ఎత్తుకి తెస్తుంది. బరువు తగ్గితే గాలి బయటికి పంపేస్తుంది. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే పక్కా ఫీడ్‌బ్యాక్ లూప్, కాకపోతే ఒక్క లైన్ కోడ్ కూడా లేదు!

అసలు రిస్క్ ఎక్కడ?

పెద్ద వాహనాల్లో బ్రేకులకీ, సస్పెన్షన్‌కీ గాలి ఇచ్చే కంప్రెసర్ ఒకటే. బెలోస్ లీకైనా బ్రేకుల గాలి పోకుండా ప్రొటెక్షన్ వాల్వ్ కాపాడుతుంది. మరి ప్రాబ్లెం ఏంటి? గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరవుతుంది. దాన్ని ఎయిర్ డ్రయర్ పట్టుకుంటుంది. ట్యాంకులు నిండి కంప్రెసర్ లోడ్ దిగినప్పుడే ఆ నీటిని బయటికి ఊదేస్తుంది. మీరు వినే "ఫుస్స్"లలో ఒకటి అదే. లీక్ పెద్దదైతే ట్యాంకులు నిండవు, డ్రయర్ ఆరదు. సూర్యలంక లాంటి తేమ ఎక్కువున్న చోట ఆ నీళ్లు బ్రేక్ లైన్లలోకే పోతాయి. ప్రెజర్ బాగా పడిపోతే స్ప్రింగ్ బ్రేక్ పట్టేసి బండి రోడ్డు మధ్యలోనే ఆగిపోవచ్చు.

వ్యాన్ సైజు చిన్న కారవాన్లలో బ్రేకులు సాధారణంగా హైడ్రాలిక్. వాటిలో కమాన్ పట్టీలకు తోడుగా ఎయిర్ బ్యాగులు పెట్టినా, వాటి లీక్‌కీ బ్రేకులకీ సంబంధం ఉండదు.

అద్దెకు తీసుకునే ముందు

ఇంజిన్ ఆన్ చేయించి మీటర్ నిండేదాకా ఆగండి. ఆఫ్ చేశాక 10 నిమిషాలు చూడండి. ముల్లు గబగబా దిగుతుంటే ఆ బండి వద్దు. కుదిరితే ముందురోజు సాయంత్రం, మళ్లీ పొద్దున నాలుగు చక్రాల పైనున్న గ్యాప్ టేపుతో కొలవండి. ఒక మూల బాగా కుంగితే అక్కడ లీకున్నట్టే.

ఇంకోటి: గాలి మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. బెలో పగిలితే బాడీ క్షణంలో కిందికి వచ్చేస్తుంది.