కందపద్యములో నవ్వు

హాస్యపద్యమును విని ఇంటిల్లిపాదియు నవ్వుదురు. మరునాడు దానినే పొరుగువారికి చెప్పబోవగా ఒక్క మాట మారును, ఎవరును నవ్వరు. భావము చెడలేదు గదా, మరి నవ్వేమైనది? సమాధానము ఛందస్సులో నున్నదని మా అభిప్రాయము. పరీక్షకై మేమే అల్లిన కంద మొకటి వినుడు:

గొడుగొకటి కొంటి మొన్ననె
కడు ధైర్యముతోడ నేను గదలితి వానన్
తడిసితి నిలువెల్ల నకట
పొడిగా నున్నది మదీయ పుత్తడి గొడుగే!

లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. కందమున ప్రతి గణమునకు నాలుగు మాత్రలు. 1, 3 పాదములకు మూడేసి గణములు. 2, 4 పాదములకు ఐదేసి. వెరసి 64 మాత్రలు. కురచ పాదము ఊపిరి బిగబట్టించును, నిడుపు పాదము విడిపించును. హాస్యమునకు పేరొందిన కవిచౌడప్ప శతకము కందములలోనే నడచినది.

ఇక ప్రాస. గొడుగు, కడు, తడి, పొడి: నాలుగు పాదములందును రెండవ అక్షరము డకారమే, దానికి ముందున్నది లఘువే. మూడుమారులు విన్న చెవి నాలుగవదానికై కాచుకొని యుండును. సరిగా ఆ చోటనే ‘తడి’కి ఎదురుమాటయైన ‘పొడి’ వచ్చి పడును.

నాలుగవ పాదమున యతి ‘పొ’, ‘పు’ అక్షరములకు. ఆ చిన్న విరామము తరువాతనే ‘పుత్తడి గొడుగు’ వెలువడును. గొడుగేల తడియలేదో పద్యము చెప్పదు. కొత్తది పాడగునని విప్పక చంకన దాచెనని శ్రోతయే గ్రహింపవలెను. అందుకు వలయు తృటికాలమును యతి యిచ్చును.

కందమున 2, 4 పాదములు గురువుతో ముగియవలెను. ‘గొడుగే’ అనునది రెండు లఘువులు, ఒక గురువు గల సగణము. సుమతీ శతకమునందలి ‘సుమతీ’ యను మకుటమును సగణమే. ‘గొడుగే’ను ‘గొడుగు’గా మార్చినచో అర్థము తెలియును గాని ఒక మాత్ర తగ్గును, మెట్టున్నదనుకొని వేసిన అడుగు గాలిలో పడినట్లగును. నవ్వు జారిపోవున దచ్చటనే.

రేడియో వినువారి చేతిలో పుస్తక ముండదు. వారికి ప్రాసయే పాదమునకు గుర్తు, యతియే విరామము, తుది గురువే ముగింపు. కావున నచ్చిన పద్యమును పిల్లలకు నేర్పునపుడు రాగమెంతయైన తీయుడు. మాత్రను మాత్రము మింగకుడు.