మీకు తెలుసా? సరిహద్దు దాటితే చదువు విలువ తరుగుతుంది

కొత్త దేశంలో అడుగుపెట్టిన వలసదారు, అంతే చదువూ అంతే అనుభవమూ ఉన్న స్థానికుడి కంటే మొదట్లో తక్కువ సంపాదించినా, భాష, పని తీరు పట్టుబడేకొద్దీ పది పదిహేనేళ్లలో అతణ్ణి అందుకుంటాడని ఆర్థికవేత్త బారీ చిస్విక్ 1978లో అమెరికా జనగణన ఆధారంగా చూపాడు. అయితే ఒకే ఏడాది తీసిన లెక్కలో ఎప్పుడో వచ్చినవారూ నిన్నగాక మొన్న వచ్చినవారూ పక్కపక్కన కనిపిస్తారే తప్ప ఒకే మనిషి ఎదుగుదల కనిపించదనీ, పాతవారు మొదటినుంచీ మెరుగైన నైపుణ్యంతో వచ్చి ఉండవచ్చనీ మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ 1985లో లేవనెత్తిన అభ్యంతరం ఆ ఆశావాదానికి గట్టి దెబ్బే. బోర్హాస్ స్వయంగా క్యూబా నుంచి వలస వచ్చినవాడు.

వలసదారు మొదట్లో వెనకబడటానికి ఒక కారణం, ఒకచోట సంపాదించిన అర్హత మరోచోట పూర్తిగా చెల్లకపోవడం; దీన్ని నైపుణ్య బదిలీ సమస్య అంటారు. వైద్యవృత్తిలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: గుంటూరులోనో వరంగల్లులోనో ఎంబీబీఎస్ చదివి ఏళ్ల తరబడి రోగులను చూసిన వైద్యుడు సైతం అమెరికాలో వైద్యం చేయాలంటే సాధారణంగా యూఎస్‌ఎంఎల్‌ఈ అనే వైద్య లైసెన్సు పరీక్షలు గట్టెక్కి, రెసిడెంట్‌గా, అంటే ఆసుపత్రిలో శిక్షణ వైద్యుడిగా, తనకన్నా చిన్నవారితో కలిసి రాత్రి డ్యూటీలు మళ్లీ మొదలుపెట్టవలసిందే. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాపై అమెరికా వెళ్లినవారి వెంట హెచ్-4 అనే ఆశ్రిత వీసాపై వెళ్లిన జీవిత భాగస్వాముల పరిస్థితి మరీ కష్టం, అర్హత ఉన్నా పనికి అనుమతే దొరకదు; 2015 వరకు ఆ వీసాపై ఉద్యోగం చేసే వీలే లేదు, ఆ ఏడాది వచ్చిన సడలింపూ గ్రీన్‌కార్డు ప్రక్రియలో కొంత దూరం వెళ్లినవారి కుటుంబాలకే దక్కింది.