సినిమా పెట్టగానే స్క్రీన్ నల్లబడుతోందా? స్టిక్‌ను రిటర్న్ కొట్టే ముందు హెచ్‌డీఎంఐ స్విచ్ సంగతి చూడండి

రిటర్న్ విండో ముగియడానికి ఒక్క రోజే ఉంది. కొత్తగా కొన్న 4కె స్ట్రీమింగ్ స్టిక్‌ను డబ్బాలో సర్దేసి పికప్ బుక్ చేయబోతున్నాం. "పీస్ డిఫెక్ట్‌రా, రిటర్న్ కొట్టెయ్" అని మా రూమ్మేట్ తీర్పు కూడా ఇచ్చేశాడు. హోమ్ స్క్రీన్ చక్కగా వస్తోంది, యూట్యూబ్ ఆడుతోంది. అద్దెకు తీసుకున్న సినిమా ప్లే చేస్తే మాత్రం రెండు సెకన్లు నలుపు, ఆ తర్వాత హెచ్‌డీసీపీ ఎర్రర్. పోనీ ఎప్పుడూ రాదా అంటే, ఒక్కోసారి మళ్లీ నొక్కితే వచ్చేస్తుంది. అదే పెద్ద చిరాకు.

అప్పటికి కేబుల్ మార్చాం, రూటర్ రీస్టార్ట్ చేశాం. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆ చిన్న రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్‌లన్నీ మళ్లీ కొట్టాం. అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం చేయలేదు. మా టీవీకి మూడు పోర్టులు. ఒకదానికి సౌండ్‌బార్, ఒకదానికి సెట్‌టాప్ బాక్స్, మూడోదానికి హెచ్‌డీఎంఐ స్విచ్. ఆ స్విచ్‌కే స్టిక్, పీఎస్4, అప్పుడప్పుడు ల్యాప్‌టాప్. స్టిక్‌ను అందులోంచి పీకి నేరుగా టీవీకి పెట్టాం. సినిమా మొదలైంది. ఒక్కసారి వచ్చినంత మాత్రాన నమ్మలేం కదా, ఆపుతూ పెడుతూ పదిసార్లు చూశాం. ఒక్క ఎర్రర్ లేదు. మళ్లీ స్విచ్‌కి పెడితే రెండో ప్రయత్నానికే నలుపు. దొంగ దొరికాడు.

మరి మెనూ వచ్చి, సినిమా ఎందుకు రాలేదు? హెచ్‌డీఎంఐలో బొమ్మ రావాలంటే ముందు రెండు వైపులా కొంత మాటామంతీ జరగాలి. తాను ఏ రిజల్యూషన్లు చూపించగలదో టీవీ ఈడీఐడీ అనే చిన్న డేటా ద్వారా చెబుతుంది. కాపీ రక్షణ ఉన్న వీడియో అయితే హెచ్‌డీసీపీ తాళాలు కూడా సరిపోవాలి. మా స్టిక్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంది. మెనూ 60 హెర్ట్జ్, సినిమా 24. ప్లే నొక్కగానే సిగ్నల్ ఆగి కొత్త మోడ్‌లో మొదలవుతుంది, తాళాల తంతు మళ్లీ మొదటి నుంచి. నేరుగా టీవీకి ఉంటే ఆ తంతు సాఫీగా అయిపోతుంది. మధ్యలో చవక స్విచ్ ఉంటే అక్కడ తడబడుతుంది. ఆ ఆప్షన్ ఆఫ్ చేసి చూస్తే ఎర్రర్లు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఎందుకు పోలేదో స్విచ్ డబ్బా తిప్పి చూస్తే అర్థమైంది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో 4కె, వెనకాల చిన్న అక్షరాల్లో 30 హెర్ట్జ్. 4కె 60 హెర్ట్జ్ పూర్తి రంగులతో వెళ్లాలంటే దాదాపు 18 జీబీపీఎస్ దారి కావాలి, అది హెచ్‌డీఎంఐ 2.0తో వచ్చింది. పాత 1.4 దారి 10.2 దగ్గరే ఆగిపోతుంది. పైగా పెయిడ్ యాప్‌లలో 4కె రావాలంటే సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 అడుగుతారు. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే చిప్ ఉన్న స్విచ్ అయితే, దానికీ ఆ వెర్షన్ తెలిసుండాలి. తెలియకపోతే ఎర్రర్ వస్తుంది, లేదా చప్పుడు చేయకుండా 1080పికి దిగిపోతుంది. 4కె ప్లాన్‌కి డబ్బులు కట్టి హెచ్‌డీ చూస్తున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో!

మీ లక్షణం నలుపు కాకుండా మెరుపులు, చుక్కలు అయితే ముందు కేబుల్‌ని, బ్యాండ్‌విడ్త్‌ని అనుమానించండి. రిజల్యూషన్‌ను 1080పికి దించగానే మెరుపులు ఆగిపోతే కారణం అదే. స్టిక్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే పవర్ చూడండి. టీవీ యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపుల లెక్కది, చాలా స్టిక్‌లకు అది చాలదు. డబ్బాలో వచ్చిన అడాప్టర్‌నే గోడకి పెట్టండి. విడిగా పవర్ లేని స్విచ్‌లు హెచ్‌డీఎంఐ కేబుల్‌లోని 5 వోల్టుల మీదే బతుకుతాయి. అక్కడ గ్యారంటీగా దొరికేది 55 మిల్లీయాంపులే. స్విచ్‌కి పవర్ సాకెట్ ఉంటే దాన్ని ఖాళీగా వదలొద్దు.

ఆటో స్విచింగ్ మీద ఆశలు తగ్గించుకోండి. కొత్తగా ఆన్ అయిన డివైజ్‌కి స్విచ్ దానంతటదే మారుతుంది. కానీ స్టిక్ నిద్రలో ఉన్నా చాలాసార్లు ఆ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. అది కొత్తగా లేచినట్టు స్విచ్‌కి తెలియదు. మీరు సోఫాలోంచి లేచి బటన్ నొక్కాల్సిందే.

చివరికి మేం కొత్త స్టిక్ కొనలేదు, కొత్త స్విచ్చూ కొనలేదు. సెట్‌టాప్ బాక్స్‌ని స్విచ్‌లోకి మార్చి, దాని పోర్టు స్టిక్‌కి ఇచ్చాం. మా బాక్స్ హెచ్‌డీదే, మామూలు పీఎస్4 కూడా 1080పి దాటదు. ఆ రెండింటికీ ఆ చవక స్విచ్ చక్కగా సరిపోతోంది. మీకు ఇలా మార్చే వీలు లేక స్విచ్ కొనాల్సి వస్తే, 4కె అన్న అక్షరాలు చూసి ఆగిపోకండి. 60 హెర్ట్జ్, 18 జీబీపీఎస్, హెచ్‌డీసీపీ 2.2, విడి పవర్, ఈ నాలుగూ రాసి ఉంటేనే తీసుకోండి.

పికప్ క్యాన్సిల్ చేశాం. రూమ్మేట్ మాత్రం ఇప్పటికీ, అదనంగా కొన్న కేబుల్ డబ్బులు నన్నే ఇవ్వమంటున్నాడు.