బిడ్డ తల పైకే ఉందా? 36వ వారంలో డాక్టర్‌ని ఈ మాట అడగండి

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్లలో ఓ నమ్మకం. మా అమ్మమ్మ వాళ్ల వీధిలో అలాంటి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పొలంలో నడుం పట్టేసినవాళ్లు పొద్దున్నే వచ్చి ఆయన అరుగు మీద బోర్లా పడుకునేవాళ్లు. చిన్నప్పుడు నాకదో తమాషా. నా 34వ వారం స్కాన్ రిపోర్టులో 'బ్రీచ్' అన్న మాట చూసేదాకా, ఆ పెద్దాయన్ని కన్న తల్లి ఎంత అవస్థ పడి ఉంటుందో అన్న ఆలోచనే రాలేదు.

బ్రీచ్ అంటే బిడ్డ తల కిందికి కాకుండా పైకి ఉండటం. కాన్పులో పిర్రలో, కాళ్లో ముందు వస్తాయి. నా పొట్టలో ఉన్న బిడ్డయితే పిర్రలు కిందికి పెట్టి, రెండు కాళ్లూ చెవుల దాకా చాపుకుని హాయిగా కూర్చుంది. రిపోర్టు చూసిన డాక్టర్ రెండే ముక్కలు చెప్పారు. "తల తిరగలేదమ్మా. 39వ వారంలో ఆపరేషన్‌కి డేట్ పెట్టుకుందాం." అంతే, తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేసింది.

ఆపరేషన్ మీద నాకు కోపమేం లేదు. అవసరమైనప్పుడు అది ప్రాణాలు నిలబెడుతుంది. కానీ మొదటి కాన్పు సిజేరియన్ అయితే ఆ ప్రభావం తర్వాతి కాన్పుల మీదా ఉంటుంది. పైగా మనం ఉన్న చోటు కూడా చూసుకోవాలి కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. అందుకే మధ్యలో ఇంకో దారి ఏదైనా ఉందా అని తెలుసుకోవాలనిపించింది.

ఇంట్లో సలహాల వాన

విషయం ఇంట్లో తెలిసిన గంటకే మొదలు. "ఎడమ పక్కకే పడుకోమ్మా" అన్నారు అత్తయ్య. "మెట్లెక్కి దిగు, అదే తిరుగుతుంది" అంది పిన్ని. "ఐదో నెల దాకా స్కూటీ నడిపావుగా, అందుకే" అని తేల్చేసింది పక్కింటి ఆంటీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసింది, స్కూటీకీ దీనికీ సంబంధమే లేదని. 28వ వారంలో దాదాపు నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు తల పైకే పెట్టుకుని ఉంటారు. తర్వాత చాలామంది వాళ్లంతట వాళ్లే తిరిగేస్తారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. గర్భసంచి ఆకారంలో తేడా, గడ్డలు, మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు మరీ ఎక్కువో తక్కువో కావడం, కవలలు... ఇలాంటివి కొందరిలో కారణం కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ కనపడదు. తల్లి ఏదో చేసినందుకు, చేయనందుకు కాదు.

యూట్యూబ్ చూసి నేనూ రోజూ కాసేపు మోకాళ్ల మీద వంగి, తల కిందికి, నడుం పైకి పెట్టాను. మా ఆయన ఫోన్‌లో పాట పెట్టి పొట్ట కింది భాగానికి ఆనించేవాడు. "పాట వినడానికైనా తల దించు నాన్నా" అని బతిమాలేవాడు. నవ్వుకోవడానికి బాగుంది. కానీ ఇలాంటి భంగిమలతో బిడ్డ కచ్చితంగా తిరుగుతుందని పరిశోధనలేవీ తేల్చలేదు. చైనా పద్ధతిలో కాలి చిటికెన వేలి దగ్గర మూలికలు కాల్చి సెగ చూపించే 'మాక్సిబస్షన్' వల్ల కొంత ఉపయోగం ఉండొచ్చని అధ్యయనాలు అంటున్నాయి. అదైనా తెలిసినవాళ్లు చేయాల్సిందే. ఇంట్లో ప్రయోగాలు వద్దు. బీపీ ఉన్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు ఏ భంగిమైనా డాక్టర్‌ని అడిగాకే చేయాలి.

ఒక్క సలహా మాత్రం చెవిలో కూడా వేసుకోకండి. "ఫలానా ఊళ్లో ఓ ముసలామె నూనె రాసి పొట్ట తిప్పేస్తుంది" అంటారే, అది. స్కాన్ లేకుండా, బిడ్డ గుండె చప్పుడు చూడకుండా పొట్ట గట్టిగా తోస్తే మాయ విడిపోవచ్చు. తల్లీబిడ్డలిద్దరి ప్రాణాల మీదికీ వస్తుంది.

చేత్తోనే, కానీ ఆస్పత్రిలో

నేను ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లి సూటిగా అడిగాను. "మేడం, బిడ్డని తిప్పే ప్రయత్నం ఏమైనా చేయొచ్చా?" ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అడిగావు కాబట్టి చెప్తాను, చాలామంది అడగరమ్మా" అన్నారు.

దాని పేరు ఎక్స్‌టర్నల్ సెఫాలిక్ వర్షన్. పొట్టిగా ఈసీవీ. పొట్ట పైనుంచే డాక్టర్ రెండు చేతులతో బిడ్డని పల్టీ కొట్టించే ప్రయత్నం. మొదటి కాన్పు అయితే 36వ వారం నుంచి, ముందే పిల్లలున్నవాళ్లకి 37 నుంచి చేస్తారు. మొత్తం మీద దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. మొదటి కాన్పువాళ్లలో కొంచెం తక్కువ, నూటికి 40 దాకా. అలా తిరిగిన బిడ్డ మళ్లీ వెనక్కి తిరగడం నూటికి ఐదుగురిలో కూడా జరగదు. ప్రమాదం? దాదాపు 200 మందిలో ఒకరికి వెంటనే సిజేరియన్ చేయాల్సి రావచ్చు. అందుకే థియేటర్ రెడీగా ఉన్న ఆస్పత్రిలోనే చేస్తారు.

అందరికీ కుదరదు. మాయ అడ్డంగా ఉన్నా, ఈమధ్యే బ్లీడింగ్ అయినా, ఉమ్మనీరు పోయినా, కవలలైనా, బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నా చేయరు. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూప్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు.

నాకు 36 వారాలు దాటాక చేశారు. ముందు స్కాన్. తర్వాత అరగంట పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూశారు. గర్భసంచి వదులవడానికి ఓ ఇంజెక్షన్. అది పడగానే నా గుండె దడదడలాడింది, అది మామూలేనట. పొట్టకి జెల్ రాసి, ఒక చేత్తో బిడ్డ పిర్రల్ని పైకి లేపుతూ, ఇంకో చేత్తో తలని కిందికి నెట్టారు. నొప్పి ఉంది. గట్టిగానే ఉంది. కానీ "ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేస్తాను" అని ఆవిడ ముందే చెప్పడంతో ధైర్యంగా ఉండగలిగాను.

రెండుసార్లు ప్రయత్నించారు. బిడ్డ సగం దాకా వచ్చి మళ్లీ వెనక్కే జరిగింది. మూడోసారి వద్దన్నారు. మళ్లీ బెల్టు కట్టి, గుండె చప్పుడు బాగుందని చూసుకుని సాయంత్రం ఇంటికి పంపించారు.

తిరగకపోతే ఏంటి?

ఆవిడ నన్ను కూర్చోబెట్టి రెండు దారులూ చెప్పారు. బ్రీచ్ బిడ్డకి మామూలు కాన్పు అసాధ్యం కాదు. కానీ 26 దేశాల్లో 2,000 మందికి పైగా తల్లులతో చేసి, 2000లో ప్రచురించిన 'టర్మ్ బ్రీచ్ ట్రయల్' ముందే ప్లాన్ చేసిన సిజేరియనే బిడ్డకి క్షేమమని చెప్పింది. ఆ అధ్యయనం మీద తర్వాత విమర్శలు వచ్చినా, అప్పటికే ప్రపంచమంతా సిజేరియన్ వైపు మళ్లింది. దాంతో బ్రీచ్ కాన్పు చేసే చేయి తిరిగిన డాక్టర్లు తగ్గిపోయారు. చేసే అనుభవం ఉన్నవాళ్లు లేనిచోట ఆ సాహసం వద్దన్నారు. ఆలోచించుకుని నేను ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను.

39వ వారంలో పాప పుట్టింది. అదే డేటు, అదే ఆపరేషన్. కానీ ఈసారి బల్ల మీద పడుకున్నప్పుడు ఇది ఎందుకో నాకు తెలుసు. స్కూటీ వల్ల కాదనీ తెలుసు.

ఇంకో విషయం. బ్రీచ్‌గా ఉన్న బిడ్డలకి తుంటి కీలు సరిగా కుదురుకోని సమస్య వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. మా పాపకి ఆరు వారాలప్పుడు తుంటి స్కాన్ తీయించాం, అంతా బాగుంది. తొందరగా కనిపెడితే బెల్టు లాంటి పట్టీతోనే చాలామందికి సరైపోతుంది కాబట్టి మీరూ అడిగి చేయించండి.

మీకూ బ్రీచ్ అని చెప్తే ఇవి ఫోన్‌లో రాసి పెట్టుకోండి:

- నాకు ఈసీవీ చేయొచ్చా? కుదరదంటే ఎందుకు?
- ఇక్కడ చేస్తారా? లేదంటే ఎక్కడికి వెళ్లాలి?
- ఆపరేషన్ రోజు మళ్లీ స్కాన్ చేసి చూస్తారా? బిడ్డ ఆఖర్లో కూడా తిరగొచ్చు.
- డేట్ రాకముందే నొప్పులొస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ఉమ్మనీరు పోతే మాత్రం ఫోన్లూ, ఆలోచనలూ పెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. బ్రీచ్‌లో బొడ్డుతాడు ముందు జారే ప్రమాదం ఎక్కువ. మిగతా ప్రశ్నలన్నీ 36వ వారం చెకప్‌లోనే అడిగేయండి. 39లో అడిగితే ప్రయత్నించడానికి టైమ్ ఉండదు.