ఆఫీసు ఊరు మారితే పనికేమవుతుంది?

హైదరాబాద్ సచివాలయంలోని ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు విజయవాడ దగ్గరి వెలగపూడికి తరలిరావడానికి ప్రభుత్వం పెట్టిన గడువు 2016 జూన్ 27. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం హైదరాబాద్‌ను ఉమ్మడి రాజధానిగా 10 ఏళ్లకు మించకుండా వాడుకోనిచ్చింది. అందులో ఎనిమిదేళ్లు మిగిలి ఉండగానే ఆఫీసు కదిలింది. ఆ ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసిన తాత్కాలిక భవనాల్లోకి శాఖలు దశలవారీగా చేరాయి.

ఉద్యోగులకు వారానికి 5 రోజుల పని ఇచ్చారు. హైదరాబాద్‌లో వచ్చిన 30 శాతం ఇంటి అద్దె భత్యాన్ని కొనసాగించారు. విజయవాడ, సికింద్రాబాద్‌ల మధ్య ఇంటర్‌సిటీ రైలు వేశారు. వీటిలో ముందుగా ఐదు రోజుల పని సంగతి చూద్దాం. నిజానికి పని గంటలు తగ్గాయా?

పని గంటలు తగ్గలేదు

అంతకుముందు ఆఫీసు వేళలు ఉదయం 10.30 నుంచి సాయంత్రం 5 వరకు, అంటే రోజుకు ఆరున్నర గంటలు. నాలుగు వారాల్లో రెండో శనివారం సెలవు తీసేస్తే 23 పనిదినాలు, మొత్తం 149.5 గంటలు. కొత్త వేళలు 10 నుంచి 5.30 వరకు. రోజుకు ఏడున్నర గంటల చొప్పున 20 రోజులకు 150 గంటలు. హాజరుపట్టీ ప్రకారం ప్రభుత్వం పోగొట్టుకున్నదేమీ లేదు.

హాజరుపట్టీలో పడని లెక్క ఒకటుంది. కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచిన ఉద్యోగికి శుక్రవారం సాయంత్రం 5.30 నుంచి సోమవారం ఉదయం 10 దాకా ఉండే విరామం 64.5 గంటలు. ఇంటి గడప నుంచి ఆఫీసు గుమ్మం దాకా ఒక్కో వైపు 7 గంటలు వేసుకున్నా 14 గంటలు దారిలోనే పోతాయి. అంటే విశ్రాంతిలో ఐదో వంతుకు పైగా. దూరం వైపు నుంచి చూస్తే, ఒక్కో వైపు సుమారు 270 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 48 వారాలు తిరిగితే దాదాపు 26 వేల కిలోమీటర్లు. శుక్రవారం మధ్యాహ్నం నుంచే మనసు రైలు వేళ మీద ఉంటుంది. సోమవారం ఉదయం మనిషి సీట్లో ఉన్నా నిద్ర తీరి ఉండదు. గంటలు అవే, వాటిలో జరిగే పని మాత్రం అంతే ఉండదు.

రానివాళ్ల లెక్క

వచ్చినవాళ్ల అలసట కంటే పెద్ద నష్టం రానివాళ్ల వల్ల జరుగుతుంది. అమెరికాలో ప్రభుత్వ భూముల్ని చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ప్రధాన కార్యాలయాన్ని వాషింగ్టన్ నుంచి పశ్చిమ రాష్ట్రాలకు తరలించాలని 2019లో నిర్ణయించారు. 328 పోస్టులు కదలాల్సి ఉండగా వెళ్లినవారు 41 మందే. మిగతా 287 మంది రిటైరయ్యారు, లేదా వేరే ఉద్యోగం చూసుకున్నారు. 2021లో ప్రధాన కార్యాలయాన్ని తిరిగి వాషింగ్టన్‌కే తెస్తామని ప్రకటించారు.

బ్రిటన్‌లో 2004 నాటి లయన్స్ నివేదిక 20 వేల ప్రభుత్వ కొలువుల్ని లండన్ దాటించమంది. ఆ ఊపులో జాతీయ గణాంక కార్యాలయం వేల్స్‌లోని న్యూపోర్ట్‌కు మారింది. లండన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది వెళ్లలేదు. వాళ్ల అనుభవం పోవడం వల్ల గణాంకాల నాణ్యత దెబ్బతిందని 2016లో బీన్ సమీక్ష తేల్చింది. ఆఫీసు మారిన దాదాపు పదేళ్లకు కూడా ఆ లోటు మాట్లాడుకోవాల్సినదిగానే మిగిలింది.

ఈ నష్టం కొలత తెలియాలంటే చిన్న అంచనా వేద్దాం. 20 మంది ఉన్న ఒక సెక్షన్‌లో 14 మంది తరలివచ్చారు, ఆరుగురు రాలేదు. వచ్చినవాళ్లు ఇల్లు వెతుక్కుని సర్దుకోవడానికి తలా 10 పనిదినాలు పోయాయనుకుంటే మొత్తం 140 రోజులు. నెలకు 22 పనిదినాల చొప్పున ఇది ఒక మనిషి ఆరు నెలలకు పైగా చేసే పని. రాని ఆరుగురి స్థానంలో చేరిన కొత్తవాళ్లు మొదటి ఆరు నెలలు సగం పనే చేయగలిగితే పోయేది 18 నెలల పని. మొదటి నష్టానికి ఇది దాదాపు మూడు రెట్లు. వాళ్లకు పని నేర్పే పాతవాళ్ల సమయం దీనికి అదనం. చాలా సంస్థలు లారీ కిరాయి, పదిరోజుల సెలవు లెక్కేసుకుని తరలింపు ఖర్చు తేలిపోయిందనుకుంటాయి. అసలు ఖర్చు ఆ కాగితంలో ఉండదు.

ఊరు ఎవరు ఎంచుకున్నారు?

ఊరు మారడమే పనిని పాడుచేస్తుందా అంటే, కాదు. అమెరికా పేటెంట్ ఆఫీసు తన ఎగ్జామినర్లను నచ్చిన ఊరి నుంచి పనిచేయనిచ్చినప్పుడు వాళ్ల పని 4.4 శాతం పెరిగిందని ప్రిత్విరాజ్ చౌధురి బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం చూపింది. చైనా సంస్థ ట్రిప్.కామ్‌లో 1,612 మందిపై జరిగిన ప్రయోగం 2024లో వెలువడింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరు తగ్గలేదు. దూరం నుంచి వచ్చేవాళ్లలో ఈ మేలు బాగా కనిపించింది. ఎక్కడుండాలో తేల్చుకోవడంలో ఉద్యోగి మాటకు చోటున్న సందర్భాలివి. పై అంచనాలోని రెండో నష్టాన్ని తగ్గించే దారి కూడా ఇదే: రాలేనివాళ్లకు పాత ఊరి నుంచే కొంతకాలం పనిచేసే వీలివ్వడం.

భత్యం తీర్చేది, తీర్చలేనిది

కేంద్ర ప్రభుత్వంలో బదిలీ అయినవారికి ఏడో వేతన సంఘం తర్వాత మూల వేతనంలో 80 శాతం బదిలీ గ్రాంటు వస్తోంది. 50 వేల మూల వేతనం ఉంటే 40 వేలు. వెయ్యి కిలోమీటర్ల లోపు బదిలీకి జాయినింగ్ టైమ్ 10 రోజులు, 2 వేలు దాటితే 15 రోజులు. ఇవన్నీ సామాను సంగతి తీరుస్తాయి. పిల్లల చదువు, జీవిత భాగస్వామి ఉద్యోగం వీటితో తీరవు.

కేంద్రం ఈ రెండింటినీ వేరుగా చూసింది. 1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయాలు బదిలీల ఉద్యోగుల పిల్లల కోసం పుట్టినవే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే వీలైనంతవరకు ఒకే ఊళ్లో పోస్టింగ్ ఇవ్వాలని 2009 నాటి ఉత్తర్వు చెబుతోంది.

వెలగపూడి విషయంలోనూ ఇలాంటి మేలు ఒకటి జరిగింది. మన రాష్ట్రాల్లో విద్యాసంస్థల సీట్లలో 85 శాతం స్థానికులవే. హైదరాబాద్‌లో చదివిన పిల్లలు ఆంధ్రలో స్థానికేతరులైపోతారన్న భయం తల్లిదండ్రుల్ని కదలనీయలేదు. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 నుంచి మూడేళ్లలోపు తరలివచ్చినవారిని స్థానికులుగా గుర్తిస్తూ, స్థానికతను తేల్చే రాష్ట్రపతి ఉత్తర్వును 2016లో సవరించారు. తర్వాత ఆ గడువును పెంచుతూ పోయారు. ఖజానాకు నెలనెలా రూపాయి భారం లేని ఈ సవరణ, ఏ భత్యమూ తీయలేని అడ్డును తీసింది.

కొన్ని నిర్ణయాలు దీనికి ఎదురు నడిచాయి. గడువు జూన్ నెలాఖరున పడింది. అప్పటికి బడులు తెరిచి, ఫీజులు కట్టేసి ఉంటారు. ఐదు రోజుల పనిని ఏడాదికే ఇచ్చి, ఏటా పొడిగిస్తూ వచ్చారు. 2020 జనవరిలో సచివాలయాన్ని విశాఖకు మార్చే మూడు రాజధానుల బిల్లు శాసనసభ ఆమోదం పొందడంతో, విజయవాడలో ఇల్లు కొనాలా, మళ్లీ విశాఖకు మూట కట్టాలా అన్నది అప్పట్లో తేలలేదు. రేపు ఎక్కడుంటామో తెలియని కుటుంబం ఉన్నచోటే ఉంటుంది. ఉద్యోగి ఒక్కడే రైలెక్కుతాడు.

ఉత్తర్వు ఇచ్చే ముందు

ఆఫీసు మార్చాలనుకునే సంస్థ, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, ముందుగా నాలుగు అంకెలు చేతిలో పెట్టుకోవాలి. పేరు అడగకుండా సర్వే చేస్తే రానంటున్నవారు ఎంతమంది, వాళ్ల చేతిలో ఏ పనులున్నాయి? పది, ఇంటర్ చదివే పిల్లలున్నవారు ఎంతమంది? భార్యో భర్తో ఉద్యోగం వదులుకోవాల్సినవారు ఎంతమంది? కొత్త మనిషికి ఆ పని పట్టుబడడానికి ఎన్ని నెలలు కావాలి?

మొదటి అంకె పెద్దదైతే తరలింపుకు ఏడాది ముందే పని అప్పగింతలు మొదలుపెట్టాలి. రెండోది పెద్దదైతే తేదీని ఏప్రిల్ పరీక్షలు ముగిశాక, జూన్‌లో బడి తెరిచేలోపు పెట్టాలి. మూడోదానికి భాగస్వామి ఉద్యోగ వేటలో సాయమో, కొన్నాళ్లు దూరం నుంచి పనిచేసే వెసులుబాటో ఉండాలి. నాలుగోది ఎన్ని నెలలైతే అన్ని నెలలు పాత సిబ్బందిలో కొందరిని పాత ఊళ్లోనే కొనసాగించాలి. ఏ వెసులుబాటు ఇచ్చినా ఎన్నేళ్లు ఉంటుందో మొదటి ఉత్తర్వులోనే రాయాలి. తర్వాత ఆరు నెలలకోసారి కుటుంబంతో స్థిరపడినవాళ్లు ఎంతమందో లెక్క తీయాలి. తరలింపు ఎంతవరకు పూర్తయిందో హాజరుపట్టీ కంటే ఈ లెక్కే నికరంగా చెబుతుంది.